మా సెల్లారును మాకు ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక అపార్టుమెంటు వాసి నమస్కరించి రాయునది.

2025 మే 7న మా ఊళ్లో వైమానిక దాడి సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. సంతోషం. సైరన్ వినగానే మేము దిగగలిగింది సెల్లారులోకే. దాని కోసం పెట్టుకున్న అర్జీలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో తమరికే తెలియాలి.

లోపలి వైభవం మనవి చేసుకుంటాను. సగభాగానికి షట్టరు బిగించి కింది అంతస్తు పరుపుల దుకాణం వారు గోడౌను చేసుకున్నారు. మిగతా సగంలో జనరేటరు, డీజిలు డబ్బాలు, విరిగిన తలుపులు. ర్యాంపు పక్క కాలువ పూడిపోయింది, నీళ్లు తోడే మోటారు కాలిపోయింది. తుఫాను వస్తే మోకాలి లోతు నీళ్లలో స్పాంజి పరుపులు తేలుతుంటాయి. మా కార్లేమో రోడ్డు మీద. అనుమతి పత్రంలో మాత్రం ఇప్పటికీ అది పార్కింగే!

తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి అణుబాంబు భయం మరీ వింత కాదు. పేలుడు నుంచి బతికి బయటపడినా, ఆ తర్వాత రాలే రేడియోధార్మిక ధూళి డాబాల మీద, వీధుల్లో పేరుకుని గామా కిరణాలు చిమ్ముతుంది. వాటిని అడ్డుకునేది బరువైన పదార్థమే. దాదాపు 6 సెంటీమీటర్ల కాంక్రీటు గానీ 9 సెంటీమీటర్ల మట్టి గానీ వాటి తీవ్రతను సగానికి తగ్గిస్తుంది. మా సెల్లారుకు చుట్టూ భూమి, నెత్తిన అయిదు శ్లాబులు, డాబా మీది ధూళికి అంత దూరం. స్తంభాల మధ్య నాలుగు వైపులా తెరిచి ఉండే పార్కింగుకు ఈ భాగ్యం లేదు, ధూళి పక్కకే వచ్చి పడుతుంది. స్పాంజి పరుపులు ఎన్ని పేర్చినా గామా కిరణాలు పెద్దగా ఆగవు, ఆ మాట కూడా చెప్పాలి.

పేలిన గంటకు ఉన్న తీవ్రత 7 గంటలకు పదో వంతుకు, 49 గంటలకు నూరో వంతుకు పడిపోతుంది. అంటే గండం గడవాలంటే కనీసం రెండు రోజులు లోపలే కూర్చోవాలి. పిల్లలతో, ముసలివాళ్లతో, మంచినీళ్లు లేకుండా, మరుగుదొడ్డి లేకుండా, ఆ మురుగులోనా? కూర్చోవడానికైనా పొడి నేల ఉండాలి కదా సార్.

దయచేసి షట్టరు తీయించండి. కాలువ బాగు చేయించండి. కనీసం ఎవరినైనా పంపి చూడమనండి. ఏదో ఒకటి చేయండి. అదీ కుదరదంటే, సైరన్ మోగిన రోజున షట్టరు తాళం కోసం ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరైనా పంపించండి. దుకాణానికి ఆదివారం సెలవు.

ఇట్లు,
తమ ఓటరు