రోగుల చిరునామా దగ్గరే ఆగిపోతున్నాం

సంపాదకులకు నమస్కారం.

అంటువ్యాధి ప్రబలినప్పుడు వార్తల్లో మొదట కనిపించేవి రెండు అంకెలు: ఎంతమందికి సోకింది, ఎంతమంది చనిపోయారు. ‘ఎక్కడ’, ‘అక్కడే ఎందుకు’ అన్న ప్రశ్నలకు అంత చోటు దొరకడం లేదు. ఆ ప్రశ్నల మీదే జీవితకాలం పనిచేసే ఆరోగ్య భూగోళ శాస్త్రవేత్తలు ఉన్నారని చదువుకున్నవారిలో కూడా చాలామందికి తెలియదు. జబ్బుకూ పటానికీ సంబంధం ఏమిటని భూగోళశాస్త్రం చెప్పినంత కాలం నా విద్యార్థులు నన్ను అడుగుతూనే ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

1854లో లండన్‌లోని సోహోలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను పటం మీద గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ గుమిగూడాయని చూపిన సంగతి చాలామంది విన్నదే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ గుంపు కాదు, అందులో ఇమడని ఇళ్లు. పంపుకు దగ్గరలోనే ఉన్న నిరుపేదల ఆశ్రమంలో (వర్క్‌హౌస్) 535 మంది ఉంటే కలరాతో చనిపోయింది ఐదుగురే. వారికి సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు తయారీ కేంద్రంలో డెబ్బై మందికి పైగా పనివారు ఉన్నా ఒక్కరూ చనిపోలేదు. అటు చూస్తే, మైళ్ల దూరంలో హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక వితంతువు కలరాతో మరణించింది. ఆ పంపు నీళ్ల రుచి అలవాటై ఆమె రోజూ సీసాతో తెప్పించుకునేదని స్నో విచారించి తెలుసుకున్నాడు. రోగి చిరునామా దగ్గరే ఆగిపోయినవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

ఆయన చేసిన రెండో పరిశోధన ఇంతకంటే గొప్పదని నా అభిప్రాయం. దక్షిణ లండన్‌లో రెండు నీటి కంపెనీల గొట్టాలు ఒకే వీధిలో పక్కపక్కనే సాగి, ఉన్నవారి ఇళ్లకూ లేనివారి ఇళ్లకూ కలగలుపుగా నీళ్లిచ్చేవి. లాంబెత్ కంపెనీ 1852లోనే థేమ్స్ నదిలో నగర మురుగు కలవని ఎగువ ప్రాంతం నుంచి నీళ్లు తోడుకోవడం మొదలుపెట్టగా, సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ మాత్రం మురుగు కలిసే చోటనే థేమ్స్ నీటిని తోడి పంపిణీ చేస్తూ వచ్చింది. స్నో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే, ప్రతి పదివేల ఇళ్లకు మొదటి కంపెనీ వైపు 37 మరణాలు, రెండో కంపెనీ వైపు 315 మరణాలు తేలాయి. పేదల అశుభ్రతే, తాగుడే, దుర్వాసనే కలరాకు కారణమని నమ్మిన రోజుల్లో ఆ లెక్క నేరాన్ని మనుషుల మీద నుంచి తీసి గొట్టం మీద పెట్టింది. ఆరోగ్యంలో సమన్యాయం గురించి మాట్లాడేవారికి ఇంతకు మించిన పాఠం నాకు కనబడలేదు.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. 2010 అక్టోబరులో హైతీలో కలరా పుట్టినప్పుడు, అదే ఏడాది జనవరిలో వచ్చిన భూకంపమే కారణమని చాలామంది భావించారు. అయితే ఫ్రెంచి వైద్యుడు రెనో పియారూ, హైతీ ఆరోగ్య అధికారులు కలిసి తొలి కేసులు ఏ ఊళ్లో, ఏ రోజున వచ్చాయో వరుసగా పటం మీదికి ఎక్కించుకుంటూ పోతే, ఆ వరుస భూకంపం కుదిపేసిన రాజధానికి కాక ఆర్టిబోనైట్ నది ఎగువన, ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం పక్కనున్న వాగు దగ్గరికి దారితీసింది. ఆ శిబిరం మురుగు ఆ వాగులోనే కలిసేది. తొమ్మిది వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన ఆ విపత్తుకు ఐక్యరాజ్యసమితి హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పింది 2016 డిసెంబరులో. పటం లేకపోతే ఆ క్షమాపణ కూడా దక్కేది కాదేమో.

ఈ వృత్తి అంటే కంప్యూటరు మీద రంగులు నింపడమేనని అనుకునేవారు ఉన్నారు. నిజానికి ఇది కాలినడకన సాగే పని. నీళ్లు ఎవరు తెస్తారు, ఏ వేళకు వెళ్తారు, కుళాయి రాని రోజున ఎక్కడికి పోతారు అని గుమ్మం గుమ్మంలో అడిగితే తప్ప పటం మీది చుక్కకు అర్థం రాదు. మలేరియా రోగికి రిజిస్టరులో రాసిన చిరునామా అతని ఇల్లు. దోమ కుట్టింది రాత్రి కాపలాకు వెళ్లిన పొలంలోనో, పనికి వెళ్లిన అడవిలోనో కావచ్చు. ఇంటి చుట్టూ మందు కొట్టి చేతులు దులుపుకుంటే అతనికి ఒరిగేదేమీ లేదు.

దూరం సంగతి కూడా అంతే. 2020లో వెలువడిన ఒక ప్రపంచస్థాయి అంచనా ప్రకారం, గంటసేపు నడిచినా ఏ వైద్య కేంద్రానికీ చేరలేనివారు జనాభాలో 43 శాతానికి పైగా ఉన్నారు. ప్రతి కేంద్రానికీ సమానంగా మందులు పంపించామని చెప్పుకోవడం తేలికే, కానీ అక్కడికి చేరలేని తల్లికి ఆ సమానత్వం అందదు. 2014లో ఎబోలా గినీలో బయటపడినప్పుడు గెకెడు ప్రాంతానికి సరైన పటమే లేక, వేరే దేశాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి వీధులు, ఇళ్లు గీసి పంపవలసి వచ్చింది. పటం మీద లేని ఊరికి మందు చేరడం ఎంత కష్టమో ఆలోచించండి.

పటం గాయపరచగలదు కూడా. ఒక పేట పేరు రోగంతో కలిపి అచ్చయితే అక్కడివారికి పని ఇవ్వరు, పిల్లలను దూరం పెడతారు. అందుకే బాధ్యత ఎరిగిన పరిశోధకులు ఇల్లు గుర్తుపట్టేలా చుక్క పెట్టరు.

మీ విలేకరులకు నా విన్నపం ఇది. కేసుల సంఖ్య రాసినప్పుడు ఆ చోట ఎంతమంది నివసిస్తున్నారో కూడా రాయించండి. తాగునీరు ఎక్కడి నుంచి వస్తోందో, మురుగు ఎటు పోతోందో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో ఒక్కో వాక్యమైనా చేర్చండి. వ్యాధి సోకినవారి అలవాట్ల మీద వ్యాఖ్యలు మానండి. విద్యా పేజీలో వైద్యం, ఇంజినీరింగులతో పాటు ఈ చదువు గురించీ ఒకసారి వివరంగా ప్రచురిస్తే, పటాలంటే ఇష్టమున్న పిల్లలకు ఇలాంటి దారి ఒకటి ఉందని తెలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుడు