2024 వార్షిక నివేదిక: చెరోకీల పూర్వీకుల భూములపై అధ్యయన విభాగం కృషి

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. నార్త్ కరోలినాలో స్థిరపడిన మనం ఈ నేల చరిత్రను తెలుసుకోవాలన్న గత సర్వసభ్య సమావేశపు తీర్మానం మేరకు, మన తెలుగు సంఘం అధ్యయన విభాగం ఈ ఏడాది రాష్ట్రపు పడమటి కొండల్లోని చెరోకీల (ఈ ప్రాంతపు అమెరికా మూలవాసి తెగ) భూముల విషయాన్నే చేపట్టింది.

సెప్టెంబరు 18న, స్మోకీ పర్వతాల్లో 6,643 అడుగుల ఎత్తైన శిఖరానికి క్లింగ్‌మన్స్ డోమ్ అన్న పేరు తొలగించి, చెరోకీల పాత పేరు కువోహిని పునరుద్ధరిస్తూ అమెరికా భౌగోళిక నామాల మండలి నిర్ణయించింది. ఇద్దరు చెరోకీ మహిళలు మొదలుపెట్టిన ప్రయత్నమిది. సభ్యులందరూ హర్షించారు గానీ, పేరు మారినంత మాత్రాన పట్టా మారదని, శిఖరం ఇప్పటికీ జాతీయ ఉద్యానవనంలోనే ఉందని చర్చలో కొందరు గుర్తుచేశారు. ఆ మాట సబబేనని కార్యవర్గం భావించింది.

అందుకే కిటువాపై ఎక్కువ సమయం వెచ్చించాం. బ్రైసన్ సిటీ దగ్గర టకసీగీ నది ఒడ్డున ఉన్న ఈ స్థలాన్ని చెరోకీలు తమ తల్లి ఊరుగా భావిస్తారు. అక్కడ వారి పూర్వీకులు కట్టిన మట్టిదిబ్బ పరాయి చేతుల్లో ఏళ్ల తరబడి నాగలి కింద నలిగి చాలావరకు చదునైపోయింది. 1838లో చెరోకీలను బలవంతంగా పడమటికి తరలించినప్పుడు ఈ కొండల్లోనే నిలిచిపోయినవారి వారసులైన ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీలు, సుమారు 309 ఎకరాల ఆ భూమిని 1996లో డబ్బు చెల్లించి కొనుక్కున్నారు. అయితే కొనుగోలుతో దక్కేది మామూలు యాజమాన్యమే. ఫెడరల్ ఇంటీరియర్ శాఖ ఆ భూమిని తెగ తరఫున ట్రస్టులోకి (ప్రభుత్వమే ధర్మకర్తగా హక్కును తన పేరిట ఉంచుకునే ఏర్పాటులోకి) స్వీకరిస్తేనే అది తెగ పాలన పరిధిలోకి వస్తుంది. ఆ గుర్తింపు 2021లో, అంటే కొన్న పాతికేళ్లకు వచ్చింది. కువోహికి దక్కినంత ప్రచారం దీనికి దక్కకపోయినా, మా దృష్టిలో ఇదే బరువైన నిర్ణయం.

శరదృతువులో సభ్య కుటుంబాలు చెరోకీ పట్టణంలోని మ్యూజియాన్ని సందర్శించాయి.

టెనెసీలో టెలికో ఆనకట్ట 1979లో పూర్తయినప్పుడు చోటా, టనాసీ అనే పాత చెరోకీ పట్టణాల స్థలాలు జలాశయంలో మునిగాయి. ఆ ఒడ్డున, చెరోకీ లిపిని రూపొందించిన సెక్వోయా జన్మస్థల మ్యూజియంతో సహా సుమారు 76 ఎకరాలను ఈస్టర్న్ బ్యాండ్ కోసం ట్రస్టులోకి తీసుకోవాలన్న బిల్లు అమెరికా కాంగ్రెస్‌లో పదేపదే ప్రవేశపెట్టినా 2024 చివరి నాటికి చట్టం కాలేదు. వచ్చే ఏడాది ఆ బిల్లు పురోగతిని గమనించి సభ్యులకు ఎప్పటికప్పుడు తెలియజేసే బాధ్యతను కార్యవర్గం అధ్యయన విభాగానికే అప్పగించింది.