ఏప్రిల్ 14న నివాళి ఎవరికో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అగ్నిమాపక వారోత్సవాలు మొదలైన మర్నాడు మీ జిల్లా పేజీలో ఫొటో చూశాను. గ్యాస్ సిలిండర్ అంటుకుంటే తడి గోనెసంచితో ఎలా ఆర్పాలో మా ఫైర్ సిబ్బంది స్కూలు పిల్లలకు చేసి చూపిస్తున్నారు. మంచి ఫొటో వేశారు. కింద వార్తలో మాత్రం విధి నిర్వహణలో చనిపోయిన సిబ్బందికి నివాళులు అర్పించారని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఎవరా సిబ్బంది? ఎక్కడ చనిపోయారు? వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14నే ఎందుకు మొదలవుతాయి? ఏ పత్రికలోనూ ఇవి కనబడవు. నేను గుంటూరు జిల్లాలో లీడింగ్ ఫైర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ప్రతి ఏడూ ఆ రోజు స్టేషన్ ముందు వరుసలో నిలబడి మౌనం పాటించినవాణ్ని. కొత్తగా చేరిన కుర్రాళ్లలో కూడా చాలామందికి ఆ మౌనం ఎవరికోసమో తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

1944 ఏప్రిల్ 14, శుక్రవారం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే సరుకుల ఓడ ఆగి ఉంది. ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్ రేవు నుంచి బయల్దేరి, కరాచీ మీదుగా 12వ తేదీన బొంబాయి చేరింది. దాని కడుపులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. ఫిరంగి గుండ్లు, టార్పెడోలు, మైన్లు. యుద్ధ విమానాలు, బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. కరాచీలో కొంత సరుకు దించి, ఖాళీ అయిన చోట పత్తి బేళ్లు, నూనె పీపాలు, కలప ఎక్కించారు. ఓడలో సరుకు నింపే అరల్లో రెండో నంబరు దానిలో కింద పత్తి, దాని పై అంతస్తులో పేలుడు సామగ్రి!

యుద్ధానికి ముందైతే ఇలాంటి ఓడను డాక్ లోపలికి రానిచ్చేవారు కాదు. దూరంగా నీళ్లలోనే నిలబెట్టి, సరుకును పడవల్లోకి దించేవారు. యుద్ధం తొందరలో ఆ నియమం సడలించారు. ప్రమాదకరమైన సరుకు ఉందని తెలిపే ఎర్రజెండా కూడా ఆ ఓడ మీద ఎగరలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పనిలోకి దిగిన కూలీలు ఆ అరలోంచి పొగ రావడం చూశారు. ఫైరింజన్లు వచ్చాయి. ఇక్కడ నా అనుభవం కొంచెం చెప్పనివ్వండి. గుంటూరు చుట్టుపక్కల పనిచేసిన ఫైర్‌మన్ ఎవరికైనా పత్తి బేలు అంటే భయం. బిగించి కట్టిన బేలు పైన ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల రోజుల తరబడి కాలుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగి, విప్పి, తడిపితే తప్ప ఆరదు. ఓడ అడుగున, ఆ పొగలో, ఆ బేళ్లను బయటికి లాగేదెవరు? మంట అసలు ఎక్కడుందో కూడా వాళ్లకు కనబడలేదు. 32 గొట్టాలతో 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టారు. నీళ్లు నిండేకొద్దీ కాలుతున్న బేళ్లు తేలి పైకి లేచాయి. పైనున్నదేమో పేలుడు సామగ్రి. అంటే ఆర్పడానికి కొట్టిన నీళ్లే మంటను దాని దగ్గరికి మోసుకెళ్లాయి. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఓడను అక్కడే ముంచేద్దామని ఒక అధికారి అన్నారు. సముద్రంలోకి లాక్కెళ్లిపోదామని మరొకరు అన్నారు. ముంచినా పూర్తిగా మునగడానికి ఆ డాక్‌లో లోతు చాలదు. ఓడవాళ్లు, రేవువాళ్లు, సైన్యంవాళ్లు, ఫైర్‌వాళ్లు అందరూ అక్కడే ఉన్నారు, అందరి మీదా చెల్లే మాట మాత్రం ఎవరిదీ కాదు. రెండు గంటలు అలా గడిచాయి. ఓడ పక్క రేకు ఎర్రగా కాలిపోయింది. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు. ఇంకో అరగంటకు రెండోది. గొట్టాలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే పోయారు. ఫైర్‌మన్లు 66 మంది. మనం ఏటా మౌనం పాటించేది వీళ్లకోసం.

ఊరి సంగతి కూడా చెప్పాలి. సిమ్లాలో ఉన్న భూకంప యంత్రం ఈ అదురును నమోదు చేసింది. జలపద్మ అనే ఓడ నీళ్లలోంచి లేచి గట్టు మీద వచ్చి పడింది. మండుతున్న పత్తి, కాలిన ఇనప ముక్కలు మస్జిద్ బందర్, మాండ్వీ వైపు ఇళ్ల మీద, గోడౌన్ల మీద పడ్డాయి. అది కూలీలు, బళ్లు తోలేవాళ్లు, చిన్న వ్యాపారులు కిక్కిరిసి బతికే చోటు. మంటలు రోజుల తరబడి కాలాయి. మృతుల లెక్క ఇప్పటికీ తేలలేదు. 800 అనేవారున్నారు, 1,300 అనేవారున్నారు. రోజుకూలీల పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉంటాయి గనక? దాదాపు 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. వేలాదిమందికి పని పోయింది. బెంగాల్‌లో జనం ఆకలితో చచ్చిపోయిన మరుసటి ఏడాది ఇది. అలాంటి రోజుల్లో రేవు గోడౌన్లలోని వేల టన్నుల తిండిగింజలు బూడిదయ్యాయి.

జపాన్‌వాళ్లు దాడి చేశారనుకుని జనం పరుగులు తీశారు. వాళ్లను తప్పుపట్టలేం. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడి అప్పటికి రెండేళ్లే. నిజం చెప్పాల్సిన ప్రభుత్వం వార్తల మీద సెన్సార్ పెట్టింది. అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న, ఇప్పటి వియత్నాంలోని సైగాన్ రేడియో మర్నాడే ఈ వార్త చెప్పేసింది. ఇక్కడ పత్రికలకు అనుమతి వచ్చింది మే నెలలో. సొంత ఊళ్లో ఏం జరిగిందో శత్రువు రేడియోలో వినాల్సి రావడం ఎంత బాధ! బొంబాయి మిల్లుల్లో, కట్టుబడి పనుల్లో మనవాళ్లు చాలామంది ఉన్న కాలమది. ఇక్కడ పల్లెల్లో ఉన్న వాళ్ల ఇళ్లవాళ్లు ఆ నెలంతా ఎంత టెన్షన్ పడ్డారో.

ఈ ప్రమాదం గురించి ఎవరైనా చెప్పినా బంగారం కథే చెబుతారు. గాల్లోకి లేచిన కడ్డీ ఒకటి మైలు దూరంలో ఒక ఇంటి కప్పు పగలగొట్టుకుని పడిందట, ఆ ఇంటాయన నిజాయితీగా తిరిగి ఇచ్చేశాడట. నిజమే, గొప్ప మనిషి. కానీ తర్వాత 8,000 మంది ఏడు నెలలపాటు 5 లక్షల టన్నుల శిథిలాలు ఎత్తిపోసి ఆ రేవును మళ్లీ నిలబెట్టారు. వాళ్ల గురించి ఒక్కరూ చెప్పరు.

పాత కథ ఇప్పుడెందుకని మీరు అనుకోకూడదు. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బేరూత్ రేవు గోడౌన్‌లో మంటలని కబురొస్తే వెళ్లిన ఫైర్ సిబ్బంది 10 మందీ తిరిగి రాలేదు. లోపల 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ అనే పేలే రసాయనం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మా అనుభవమూ ఏమంత వేరు కాదు. ఒక గోడౌన్‌కు అర్ధరాత్రి వెళ్లి, లోపల ఏముందయ్యా అంటే వాచ్‌మన్ మిర్చి బస్తాలన్నాడు. తలుపు పగలగొట్టి లోపలికి దిగాక యాసిడ్ డబ్బాలు కనబడ్డాయి. ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ఆ రాత్రి మాలో ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం తప్ప ఇంకేం కాదు.

నేను అడిగేవి రెండే. వచ్చే ఏప్రిల్‌లో వారోత్సవాల వార్త వేసినప్పుడు, విక్టోరియా డాక్‌లో పోయిన ఆ 66 మంది గురించి పక్కనే ఒక చిన్న బాక్స్ వేయండి. ఇక రెండోది. లోపల ఏ సరుకు ఎంత ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన బోర్డు గేటు బయట, టార్చి వెలుగులో చదవగలిగేంత పెద్ద తెలుగు అక్షరాల్లో, మన జిల్లాలో ఎన్ని గోడౌన్లకు ఉందో మీ విలేకరులతో ఒకసారి తిరిగి చూయించండి. లేని చోట్ల ఫొటోలు తీసి జిల్లా పేజీలోనే వేయండి. తోడు రమ్మంటే నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లీడింగ్ ఫైర్‌మన్,
గుంటూరు జిల్లా