ఏ పిపిఎమో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మిద్దెతోటల గురించి వచ్చే వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. పోయిన నెల ఒకదానిలో కుండీ టమాటాకు నత్రజని 200 పిపిఎం (పది లక్షల భాగాల్లో 200 భాగాలు) ఉంటే చాలని రాశారు. మాట తప్పు కాదు. కానీ అది చదివి మా వీధిలో ఇద్దరం, చెరో రకంగా, మొక్కలు పాడుచేసుకున్నాం.

మాది బెంగళూరు, మారతహళ్లి వైపు. పక్కింటి పిన్నిగారిది బోరు నీళ్లు. తాగేనీళ్లు చూసుకునే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపేది) బకెట్లో ముంచితే 640 పిపిఎం చూపించింది. 200 చాలన్నారు, నీళ్లలోనే మూడింతలుంది, ఇంక ఎరువెందుకని ఆవిడ మానేశారు. బోరు నీళ్లలో ఆ అంకె వచ్చేది ఎక్కువగా సున్నం, మెగ్నీషియం, ఉప్పు వల్ల. నెల తిరిగేసరికి కింది ఆకులన్నీ పసుపెక్కి రాలిపోయాయి.

నేను దీనికి తలకిందులుగా చేశాను. మాకు కావేరి నీళ్లు, మీటరులో 150 దాటదు. నత్రజనే కదా కావాల్సింది అని పది లీటర్ల బకెట్లో యూరియా కలుపుతూ, అంకె ఇంకో 200 పెరిగేదాకా చూద్దామనుకున్నాను. ఒక చెంచా, రెండు, మూడు... అంకె దాదాపు కదల్లేదు. ఆరు చెంచాలు వేసి, విసుగొచ్చి పోసేశాను. రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. నాలుగు నెలలు పెంచిన మొక్కలు, నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మీటరు నత్రజనిని చూడదు, ఏ పోషకాన్నీ విడిగా చూడదు, నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతుందో కొలిచి దాన్ని ఒక అంకెతో గుణించి పిపిఎం అని చూపిస్తుంది. ఉప్పు కరిగితే కరెంటు పారుతుంది. యూరియా చక్కెరలాగే కరుగుతుంది కానీ కరెంటును పారనివ్వదు, అందుకే మీటరుకు కనపడదు. పైగా ఆ గుణించే అంకె కూడా అన్ని మీటర్లకూ ఒకటి కాదు, కొన్నిటికి 500, కొన్నిటికి 700. ఒకే బకెట్లో ముంచినా ఒకటి 500 అంటే ఇంకొకటి 700 అంటుంది, రెండూ సరిగ్గా పనిచేస్తున్నట్టే.

వ్యాసంలోని 200 తూకం లెక్క. లీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పిపిఎం. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే లీటరుకు ఒక గ్రాము వేస్తే 460 పిపిఎం. పది లీటర్లకు నాలుగున్నర గ్రాములు సరిపోయేది, సుమారు ఒక చెంచా. నేను వేసినంతా వంటింటి కాటాలో తూచి చూస్తే 24 గ్రాములు, దాదాపు 1,100 పిపిఎం!

నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 19 శాతం చొప్పున ఉండే 19:19:19 ఎరువైతే, లీటరుకు ఒక గ్రాము వేస్తే నత్రజని 190 పిపిఎం వస్తుంది. అదే సంచి మీదున్న భాస్వరం, పొటాష్ అంకెలు మాత్రం వాటి ఆక్సైడ్ల లెక్కలో ఉంటాయి, అసలు భాస్వరం కావాలంటే 0.44తో, పొటాషియం కావాలంటే 0.83తో గుణించాలి. అంటే 190కి బదులు సుమారు 83, 158. అసలు పోషకం లెక్కలో ఉండే విదేశీ పట్టికలు చూసి కలిపేవాళ్లు చాలామంది ఇక్కడే తప్పుతున్నారు.

కాబట్టి నా విన్నపం ఇది. పిపిఎం అని రాసినప్పుడల్లా ఏ పోషకానిదో రాయండి, పక్కనే ఏ ఎరువు లీటరుకు ఎన్ని గ్రాములో కూడా వేయండి. చెంచాల్లో వద్దు, ఒక్కో ఎరువు చెంచాకు ఒక్కో బరువు తూగుతుంది. మీటరు అంకె ఇవ్వాల్సి వస్తే అది 500 లెక్కో 700 లెక్కో చెప్పండి, ఎరువు కలపకముందు నీళ్లు చూపే అంకెను అందులోంచి తీసేశారో లేదో కూడా. వచ్చే ఆదివారం ఆ టమాటా వ్యాసానికి ఒక చిన్న సవరణ వేసినా చాలు, పిన్నిగారు మళ్లీ నారు పోశారు.

— మిద్దెతోట పాఠకురాలు, బెంగళూరు