రియర్ సైట్ బిగించలేదు, అతికించారు: ఎయిర్ పిస్టల్ కంపెనీకి ఒక ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వదులైన రియర్ సైట్ (గురి చూసుకోవడానికి వెనకవైపు ఉండే ముక్క), దానికి మీ సర్వీస్ సెంటర్ చేసిన రిపేరు, జాబ్ కార్డు (రిపేరు చీటీ) మీద రాసిన మాట గురించి.

అయ్యా,

మీ కంపెనీ ఎయిర్ పిస్టల్ మా మనవరాలి కోసం కొన్నాను. ఇంకా వారంటీలోనే ఉంది. బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డు కాపీలు, ఫొటోలు, టార్గెట్ కార్డులు దీంతో జత చేశాను. అమ్మాయి ఇంటర్ చదువుతూ గచ్చిబౌలి రేంజ్‌లో ప్రాక్టీస్ చేస్తోంది. నేను బాలానగర్‌లో టూల్ రూమ్‌లో (అచ్చులు, పనిముట్లు తయారుచేసే చోట) పనిచేసి రిటైరయ్యాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఫిట్టింగ్ గురించి కింద రాసినదంతా ఎవరో చెబితే విని రాసింది కాదని మీకు తెలియాలి, అంతే.

సమస్య మొదట టార్గెట్ మీదే బయటపడింది. పెల్లెట్లు (చిన్న గుండ్లు) అడ్డంగా చెదురుతున్నాయి. పైకీ కిందికీ పెద్ద తేడా లేదు. ట్రిగ్గర్ గుంజడంలో లోపమైతే కుడిచేతి వాళ్లకు మామూలుగా కిందికి, ఎడమకు పోతుంది. ఏ కోచ్‌ని అడిగినా ఇదే చెబుతారు. ఇక్కడ అలా లేదు. ఒక సిరీస్ (వరసగా కొట్టే కొన్ని షాట్లు) మొత్తం ఎడమకు పోతే, ఆ తర్వాతి సిరీస్ మొత్తం కుడికి పోతోంది. అమ్మాయి సైట్‌ను పక్కకు జరిపే స్క్రూ క్లిక్కులు తిప్పి సరిచేసుకుంటుంది, కాసేపటికి మళ్లీ మొదటికొస్తుంది. "తాతయ్యా, నేను సరిగ్గానే కొడుతున్నా" అని పిల్ల టెన్షన్ పడుతుంటే పిస్టల్ చేతిలోకి తీసుకుని చూశాను. బొటనవేలితో రియర్ సైట్‌ను పక్కకు నెడితే టిక్కుమని కదిలింది. వేలు తీశాక వెనక్కి రాలేదు, జరిగిన చోటే ఉండిపోయింది.

సైట్ అడుగు భాగం మీదుగా రైలు (సైట్ కూర్చునే పట్టా) మీదకు పెన్సిల్‌తో సన్నటి గీత గీసి ఇచ్చాను. ప్రాక్టీస్ అయ్యాక చూస్తే గీత రెండు ముక్కలైంది. సైట్ మీద ఉన్న ముక్క కుడికి జరిగింది. తర్వాత డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి 0.3 మిల్లీమీటర్ల ప్లే, అంటే వదులు, వచ్చింది.

0.3 మిల్లీమీటరేగా అని మీ సర్వీస్ సెంటర్ బాబు నవ్వాడు. లెక్క చెబుతాను. ఈ పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం 330 మిల్లీమీటర్లు. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే వెనక సైట్ ఎంత జరిగితే టార్గెట్ మీద దానికి సుమారు 30 రెట్లు తేడా వస్తుంది. 0.3 కాస్తా 9 మిల్లీమీటర్లయింది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో రింగు అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, ఒక రింగుకూ పక్క రింగుకూ మధ్య ఎడం 8 మిల్లీమీటర్లు. సైట్ ఒక చివర ఉన్నప్పుడు సరిచేసుకుని, అది రెండో చివరకు జరిగాక కొడితే, నట్టనడుమ పడాల్సిన గుండు తొమ్మిదిలోకి పోతుంది. చేయి రాయిలా నిలబడ్డా అంతే. పోటీలో కొట్టాల్సినవి 60 షాట్లు, ఒక్కో పాయింట్ దగ్గర ఎంతమంది వెనకబడతారో పిస్టళ్లు తయారుచేసే మీకు నేను చెప్పక్కర్లేదు.

విప్పితే వారంటీ చెల్లదని మీ కార్డు మీదే ఉంది కాబట్టి నేను స్క్రూ ముట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. "ఏం కాదు అంకుల్, టైట్ చేసిస్తాం" అన్నారు. టైట్ చేసి ఇచ్చారు కూడా. ఏం చేశారో ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది.

మొదటిది, సైట్‌ను బిగించే తల లేని చిన్న స్క్రూ, అంటే గ్రబ్ స్క్రూ. ఆరు పలకల గాడి అరిగి గుండ్రంగా తయారైంది. మిల్లీమీటర్ల స్క్రూకు అంగుళాల కొలత ఎలన్ కీ (ఆరు పలకల కడ్డీ) పెట్టి తిప్పితే సరిగ్గా ఇలాగే అవుతుంది. ఇక దాన్ని మామూలుగా విప్పడం ఎవరి తరమూ కాదు. రెండోది, డవ్‌టెయిల్ (సైట్ జారి కూర్చునే ఏటవాలు గాడి) అంచు మీద సెంటర్ పంచ్‌తో కొట్టిన గుంటలు. లోహం ఉబ్బితే సైట్ బిగుస్తుందని వాళ్ల ఆలోచన. ఉబ్బుతుంది, నిజమే. కానీ మీ రైలు అల్యూమినియం. మెత్తటి అంచు నాలుగు రోజులు పట్టుకుని మళ్లీ అణిగిపోతుంది, అప్పటికి ఆ రైలు ఎందుకూ పనికిరాకుండా పోతుంది. మా షాపులో ఒక కుర్రాడు ఇలా చేస్తే మేస్త్రి ఆ రోజే గేటు బయటికి పంపేవాడు.

మూడోదే అన్నిటికన్నా ఘోరం. సైట్ చుట్టూ తెల్లటి మరక కనబడింది. సూపర్ గ్లూ ఆవిరి పక్కన పేరుకుంటే వచ్చే మరక అది. మీ వాళ్లు గ్లూ పోశారు. అది లోపలికి పాకి విండేజ్ స్క్రూను (సైట్‌ను పక్కకు జరిపేదాన్ని) కూడా పట్టేసింది. ఇప్పుడు సైట్ కదలదు, నిజమే, అమ్మాయి కదిలించాలనుకున్నా కదలదు! గుండ్ల గుంపు ఎడమకు పడితే అక్కడే పడుతూ ఉండాలి. క్లిక్కులతో సరిచేసుకునే సైట్ అని చెప్పి అమ్మినదాన్ని మీరే కదలకుండా చేసి, రిపేరు అయిందని సంతకం పెట్టారు.

ఈ పని ఎలా చేయాలో మీ ఫ్యాక్టరీలో తెలియదని అనుకోను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే సర్వీస్ సెంటర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. సైట్ పూర్తిగా బయటికి తీయాలి. డవ్‌టెయిల్‌లో నూనె లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో తుడవాలి. సైట్ అడుగు కొలత, గాడి కొలత రెండూ తీయాలి. గాడి పెద్దదైతే సైట్ మార్చాలి, మరీ తప్పకపోతే సన్నటి ఇత్తడి రేకు (షిమ్) పెట్టాలి. కొత్త గ్రబ్ స్క్రూకు మధ్యరకం, అంటే నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ మరలను పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క చాలు. అది గాలి తగలని చోట లోహానికి ఆనుకుని గట్టిపడుతుంది, రేపు కావాలంటే మామూలు కీతో విప్పుకోవచ్చు. సూపర్ గ్లూకూ దీనికీ తేడా ఇదే. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు ఆగాలి. మీ వాళ్లు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అది పూర్తయ్యేలోపే పిస్టల్ చేతిలో పెట్టారు. టీ మాత్రం బాగుంది.

సైట్ మొదట్లోనే ఎందుకు వదులైందన్నది ఇంకో ప్రశ్న. ఇది స్ప్రింగ్ పిస్టల్ అయితే పిస్టన్ దెబ్బకు వదులైందని సరిపెట్టుకునేవాణ్ని. ఇది సిలిండర్‌లో గాలి నింపి వాడేది, అదిరేదే తక్కువ. నాకు తోచిన కారణం ఒక్కటే. గాడి కొలత మించి కోశారు, గ్రబ్ స్క్రూ ఒక్కదాని మీద భారం వేశారు. కాదంటే ఆ బ్యాచ్ ఇన్‌స్పెక్షన్ కొలతలు చూపించండి, చూసి ఒప్పుకుంటాను.

ఇవన్నీ ఒక ఎత్తు, జాబ్ కార్డు మీద రాసిన 'యూజర్ మిస్‌హ్యాండ్లింగ్' (వాడినవాళ్ల తప్పు) అన్న మాట ఒక ఎత్తు. ఎవరు చూసి రాశారు? ఏం కొలిచి రాశారు? "సైట్‌కేం కాలేదు అంకుల్, పాప చెయ్యి వణుకుతోంది" అని మీ మనిషి అమ్మాయి ముందే అన్నాడు. ఆ మాట విన్నాక ఆ పిల్ల రేంజ్‌లో తన చేతినే అనుమానిస్తోంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ షూటింగ్ కాంస్యం తెచ్చిన ఊరు ఇది. షూటర్ ఈషా సింగ్ పిస్టల్ పట్టిందీ ఈ ఊళ్లోనే. వాళ్లను చూసి రేంజ్‌కు వచ్చే పిల్లలే కదా మీ పిస్టళ్లు కొనేది. వస్తువులో లోపం ఉంటే వస్తువని చెప్పండి, పిల్లల మీదకు నెట్టకండి.

నేను కోరేది ఇదీ. పంచ్ గుంటలు పడిన రైలుతో సహా రియర్ సైట్ మొత్తం ఖర్చు లేకుండా మార్చాలి, అది కుదరకపోతే పిస్టలే మార్చాలి. తిరిగి ఇచ్చేటప్పుడు చేత్తో కాకుండా స్టాండ్‌కు బిగించి కాల్చిన టెస్ట్ టార్గెట్ జత చేయాలి. జాబ్ కార్డు మీద ఆ మాట కొట్టేసి, సరిచేసిన కార్డు సంతకంతో ఇవ్వాలి. సూపర్ గ్లూ పోసింది ఎవరి అనుమతితోనో రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు ఇవ్వండి. లేకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, కాబట్టి మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా నాకు ఇబ్బంది లేదు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. డయల్ కొలతల ఫొటోలు, గీత జరిగిన ఫొటో, తెల్లమరక ఫొటో అన్నీ తేదీలతో ఉన్నాయి.

పిస్టల్ తీసుకెళ్లడానికి మీ మనిషినే పంపండి. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ పిస్టల్ అని ఎంత చెప్పినా, పెట్టె మీద పిస్టల్ అన్న పేరు చూడగానే కొరియర్ వాళ్లు చేతులు వెనక్కి తీసుకుంటున్నారు. వచ్చే మనిషి దగ్గర మిల్లీమీటర్ల ఎలన్ కీలు ఉండేలా చూడండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(పేరు, చిరునామా, ఫోన్ నంబరు బిల్లు కాపీ మీద ఉన్నాయి)