కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26: ఆటస్థలం, అక్కడికి వెళ్లే దారి

గౌరవ సభ్యులకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

పిల్లలు సాయంత్రం పూట ఇంట్లోంచి బయటికి వచ్చి ఆడుకునేలా చూడమని నిరుటి సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి అప్పజెప్పారు. ఎందుకు రావట్లేదని అడిగితే అందరి నోటా ఒకటే మాట: ఫోను. కార్యవర్గం మాత్రం గడప దాటిన దగ్గర నుంచి పార్కు గేటు దాకా ప్రతి వీధీ నడిచి చూసింది. ఖాళీ ప్లాట్లలో నడుము ఎత్తు వయ్యారిభామ (పార్థీనియం) కలుపు. మలుపులో పారబోసిన కోడి పేగులు, వాటి కోసం కుక్కల గుంపు. మెయిన్ రోడ్డు తప్పించుకోవడానికి మన వీధుల్లోంచి దూసుకుపోయే బైకులు. తీరా పార్కుకు చేరితే నీడ లేదు, తాగడానికి నీళ్లు లేవు, చీకటి పడితే లైటు లేదు. ఇవన్నీ చూసిన ఏ తల్లి పంపుతుంది? ఫోనుదేమీ తప్పు లేదని మేం అనడం లేదు. కానీ ఇవి సరిచేయకుండా ఫోను ఒక్కటి గుంజుకుంటే పిల్లవాడు పోయి టీవీ ముందు కూర్చుంటాడు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత కదలిక ఉండాలని, వారానికి కనీసం మూడు రోజులు ఎముకలకు, కండరాలకు బలమిచ్చే ఆటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. తాడాట, తొక్కుడుబిళ్ల, ఖోఖో, చెట్టెక్కడం అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు కూడా తగ్గుతుంది. బడిలో ఆటల పీరియడు పరీక్షల ముందు లెక్కలకు పోతుంది. ఇక మిగిలేది సాయంత్రమే, ఆ సాయంత్రం మన చేతిలో ఉంది.

ముందు ఆటస్థలం సంగతి. ఉయ్యాలల కింద సిమెంటు పోసి ఉండేది. బురద కాకూడదనే పోశారు, కానీ పడితే తల పగిలే నేల అది. దాన్ని పగలగొట్టించాం. ఉయ్యాల పైకడ్డీ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం ముందుకూ, అంతే దూరం వెనక్కూ మెత్తటి నేల ఉండాలి. మన కడ్డీ 2 మీటర్లు కాబట్టి పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఇసుక లోతు 30 సెంటీమీటర్లు. మొత్తం 9.6 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 340 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగుల ట్రాలీతో మూడున్నర ట్రిప్పులు పట్టింది. ఖర్చు తగ్గుతుందని కొందరు రోబో ఇసుక, అంటే రాళ్లను మిషన్లో పొడి చేసిన ఇసుక, పోయమన్నారు. అందులో పొడి ఎక్కువ, నాలుగు వానలకు గట్టిగా బిగుసుకుపోతుంది. అందుకే కడిగిన దొడ్డు వాగు ఇసుకే పోశాం. గుంత అడుగున కంకర వేయడం వల్ల వాన నీళ్లు నిలవట్లేదు.

ఇసుక పోసినంత మాత్రాన పని అయిపోలేదు. సరిగ్గా ఉయ్యాల కింద పిల్లల కాళ్లు రాసి రాసి గుంట పడుతుంది, అక్కడ నెల తిరక్కముందే నాలుగు వేళ్ల లోతు కూడా మిగలదు. పడేదీ అక్కడే. వారానికొకసారి పారతో తిరగేసి ఆ గుంట పూడ్చాలి. పిల్లి, కుక్క పెంట, గాజు పెంకులు ఏరేయాలి.

ఒకే ఫ్రేముకు మూడు ఉయ్యాలలు ఉండి ఊగినప్పుడు తగులుకునేవి. మధ్యది తీసేశాం. ఇప్పుడు రెండింటి మధ్య 60 సెంటీమీటర్లు, పక్క స్తంభానికి 75 సెంటీమీటర్లు ఎడం ఉంది. ఇనుప పీటల బదులు రబ్బరు పీటలు వేయించాం. గొలుసు కొక్కేలు సగం అరిగాయంటే మార్చేయాల్సిందే, తెగేదాకా చూడకూడదు. రేకు జారుడుబండ పడమటి ఎండకు ఎదురుగా ఉండేది. వేసవిలో సాయంత్రం నాలుగు గంటలకు కూడా దాని మీద చెయ్యి ఆనదు. దాన్ని ఉత్తరానికి తిప్పించి పక్కన రెండు వేపలు, ఒక కానుగ పెట్టాం. తొందరగా ఎదుగుతుంది కదా కోనోకార్పస్ పెడదామన్నారు, మేం ఒప్పుకోలేదు. వేర్లు పైపుల్లోకి పోతాయి, పుప్పొడి వల్ల అలర్జీ వస్తుందన్న ఫిర్యాదులూ ఉన్నాయి.

మిగిలిన జాగాలో 11 × 8 మీటర్ల కబడ్డీ కోర్టు గీశాం, సబ్ జూనియర్ల కొలత అదే. ఖోఖోకు 27 × 16 కావాలి, మనకు అంత స్థలం లేదు.

నీళ్ల విషయం శ్రద్ధగా వినాలని మనవి. పార్కు బోరు మొక్కల కోసం వేసింది. దాహం వేసిన పిల్లలు ఆ నల్లా కిందే దోసిలి పడుతున్నారు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు నీళ్లలో ఉండి పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇంటికి మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఆ గోడు తీరిందనుకుంటున్నాం, పిల్లలు మాత్రం ఆట దగ్గర మళ్లీ బోరు నీళ్లే తాగుతున్నారు. ఎండలో ఆడేవాళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి ఒంట్లోకి పోయేదీ ఎక్కువే. భారతీయ ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. పరీక్ష చేయిస్తే మన బోరు ఆ హద్దు దాటింది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు శాశ్వత దంతాల ఎనామిల్ ఇంకా తయారవుతూ ఉంటుంది, అప్పుడు పడిన మచ్చ జీవితాంతం ఉంటుంది. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి మన నల్లగొండ పేరే ఉంది, నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. ఆ పద్ధతి పెడదామని ఒక సభ్యులు సూచించారు. పటిక మోతాదును నీటి క్షారతను బట్టి మార్చుకుంటూ ఉండాలి, అడుగున తేరిన మడ్డిని రోజూ తీసేయాలి. పార్కులో ఆ పని చేసే మనిషి లేడు. అందుకని బోరు నల్లాకు ఎర్ర రంగు పూసి పిడి తీసేశాం, తోటమాలి దగ్గర ఉన్న తాళంచెవితోనే తిరుగుతుంది. గేటు పక్కన భగీరథ కనెక్షన్‌తో మూత ఉన్న డ్రమ్ము, రెండు నల్లాలు పెట్టాం. ఒకటి చిన్నపిల్లలకు అందే ఎత్తులో ఉంది. డ్రమ్మును శుక్రవారం డ్రైడే (దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు పారబోసే రోజు) నాడు ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది కడగాలి, లేకుంటే దోమ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.

వయ్యారిభామను తొలకరి తర్వాత, పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. పూత వచ్చాక పీకితే పుప్పొడి లేచి పీకేవాళ్లకే దురద, ఆయాసం. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది, అందుకే ఒక్కసారితో తీరేది కాదు. గోడల వెంట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టాం. ఆ ఉప్పునీళ్లు చెట్ల మొదళ్లలో కొట్టొద్దు. కంచె వెంట తంగేడు విత్తనం చల్లాం, అది పెరిగిన చోట ఈ పీడ తగ్గుతుంది, బతుకమ్మకు పువ్వూ దొరుకుతుంది. పీకినదాన్ని, చెత్తను కలిపి తగలబెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లకు పోలేదు. ఒంటి బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, ఆ పొగ ముందు తగిలేది వాళ్లకే.

కుక్కల గురించి అందరూ అడిగేది పట్టుకెళ్లి ఎక్కడైనా వదలమని. కేంద్రం తెచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. మన చేతిలో ఉన్నది తిండి తగ్గించడం. చికెన్ షాపు అన్న మూత డ్రమ్ము పెట్టుకున్నాక మలుపులో గుంపు పలచబడింది. ఎవరినైనా కరిస్తే పసరు, కారం పూయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు తీసుకెళ్లాలి.

వేగం విషయంలో ఓడిపోయాం. సరైన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా, ముందు గీతలతో ఉండాలి. దానికి అనుమతి కోసం మూడు ఉత్తరాలు ఇచ్చాం. రసీదు స్టాంపు పడింది, మనిషి రాలేదు. ఈ లోపు ఎవరో రాత్రికి రాత్రి సిమెంటు గడ్డ పోశారు, దాని మీద బండ్లు ఎగిరిపడి ఇంకా ప్రమాదమైంది, తీయించాల్సి వచ్చింది. పిల్లల ప్రాణం అడ్డం పెట్టి ఫైలు కదిలేదాకా ఆగమనడం న్యాయం కాదని సంఘం తరఫున ఇక్కడ నమోదు చేస్తున్నాం.

ఈ ఏడు మేం గర్వంగా చెప్పుకునేది బతుకమ్మ. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు పార్కు ఊడ్చి ఉంటుంది, లైట్లు వెలుగుతాయి, బైకులు ఆగుతాయి, నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. ఆ తొమ్మిది రోజులూ పదేళ్లు దాటిన ఆడపిల్లలు కూడా రాత్రి దాకా అక్కడే పరుగులు పెడతారు. పదో రోజు లైట్లు విప్పేస్తే పిల్లలూ మాయం. పిల్లలు అవే పిల్లలు, ఫోన్లూ అవే ఫోన్లు! ఈసారి లైట్లు విప్పనివ్వలేదు. చెట్ల కొమ్మలు ఏడడుగుల ఎత్తు దాకా నరికించి, వీధిలోంచి లోపలికి చూపు ఆనేలా చేశాం. టాయిలెట్ తలుపుకు లోపల గడియ, బకెట్ పెట్టాం. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఇద్దరు పెద్దలు బెంచీ మీద ఉండేలా వంతులు వేశాం. దీపావళి దాటినా ఆడపిల్లలు వస్తూనే ఉన్నారు. కబడ్డీ కోర్టు మొదట అడిగిందీ వాళ్లే.

ఆ వంతుల్లో మహిళా సభ్యులు ఒక్క రోజు తప్పలేదు. పేరు రాయించుకుని ఫోను ఎత్తని అన్నలు చాలామంది ఉన్నారు. రాలేకపోతే ముందు రోజు చెప్పండి, బెంచీ ఖాళీగా ఉన్న సాయంత్రం పిల్లలు తొందరగా వెళ్లిపోతున్నారు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. ఇసుక, వెల్డింగు, కరెంటు బిల్లు పెద్ద ఖర్చులు, చందా బాకీలు ఇంకా రావాలి.

కొక్కేలకు కూలి తీసుకోని వెల్డింగ్ షాపు అన్నకు, కోర్టు కొలిచి గీసిన రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయులకు, తంగేడు విత్తనం ఏరుకొచ్చిన అవ్వలకు, తోటమాలికి, పారిశుద్ధ్య కార్మికులకు, టెంటు ఇచ్చిన తమ్ముళ్లకు సంఘం కృతజ్ఞతలు.

నివేదికను ఆమోదించాలని కోరుతున్నాం. ఇసుక తిరగేసే పని వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు, పార ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోగలరు.

ప్రధాన కార్యదర్శి
కాలనీ సంక్షేమ సంఘం, నల్లగొండ