డోర్ ప్యాడ్లు పారేయనియ్యొద్దు నాయనా

నాయనా,

మన అంబాసిడర్‌ను రేణిగుంట రోడ్డులో కుషన్ షాపుకిచ్చి నాలుగు డోర్లకూ లోపలివైపు క్లిప్పులతో బిగించే రెగ్జిన్ అట్టలు, అదే ప్యాడ్లు, కొత్తవి వేయిస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ పాతవి ఎంత కుళ్ళిపోయి ఉన్నా సరే, పని మొత్తం అయ్యేదాకా ఒక్కటి కూడా పారేయనియ్యొద్దు. ఫోన్లో చెబితే సగం వినపడదు, అందుకే రాస్తున్నాను. షాపాయనకు కూడా చదివి వినిపించు.

మన బండికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు తయారైంది ఇంగ్లండ్‌లో నేనుండే ఈ కౌలీలోనే. మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర 1957 నాటి సిరీస్ 3 ఉంది, అంబాసిడర్ వచ్చింది సరిగ్గా ఆ మోడల్ నుంచే. సెలవు రోజుల్లో ఆయన షెడ్డులో డోర్ ప్యాడ్ల పని జరుగుతుంటే నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. ఆ డోరు తెరిచినప్పుడల్లా నాకు మన బండే గుర్తొస్తుంది.

ప్యాడ్ పాడయ్యేది వెనక నుంచి నాయనా. వాన పడితే నీళ్ళు గ్లాసు మీద నుంచి జారి, రబ్బరు పక్క సందులోంచి డోరు లోపలికే పోతాయి. అది తప్పేం కాదు, డోర్లు చేసిందే అట్లా. లోపల పడిన నీళ్ళు డోరు అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి కారిపోవాలి. మట్టీ, తుప్పు పట్టకుండా మన వాళ్ళు పూసే పెయింటూ కలిసి ఆ రంధ్రాలను మూసేస్తే నీళ్ళు లోపలే నిలిచి రేకు తుప్పు పడుతుంది, తడంతా ప్యాడ్ అట్టకు ఎక్కుతుంది. అట్ట అంటే నొక్కిన చెక్కపొట్టే కదా, తడి తాగి ఉబ్బుతుంది, క్లిప్పు రంధ్రాలు చిరిగిపోతాయి, ఇక ఎన్ని క్లిప్పులు కొట్టినా నిలవవు. పైగా 2021 నవంబరు వానలప్పుడు మన వీధిలో నీళ్ళు డోర్ల దాకా వచ్చాయి, అప్పటి నుంచే కింద భాగం ఉబ్బిందని నా అనుమానం.

అందుకే రెగ్జిన్ రంగు గురించి మాట్లాడకముందే ఒక సన్నటి కమ్మీతో ఆ రంధ్రాలు పొడిపించు, పై నుంచి చెంబెడు నీళ్ళు పోసి కింద నుంచి కారుతున్నాయో లేదో నువ్వే నిలబడి చూడు. ఆ తర్వాత రేకుకూ ప్యాడ్‌కూ మధ్య మందపాటి పాలిథీన్ షీటు అంటించాలి, దాని కింది అంచు డోరు లోపలికి దోపాలి, అప్పుడే నీళ్ళు లోపలికే కారతాయి. గ్లాసును పైకీ కిందికీ నడిపే మెషీన్ రిపేరుకు విప్పిన ప్రతి మెకానిక్కూ ఆ షీటు చించి పారేస్తాడు, మన బండిలో కూడా ఉండదనే అనుకుంటున్నాను. షాపులో ఇదంతా అనవసరం అంటారు, వాళ్ళ మాట వినొద్దు.

విప్పేటప్పుడు హ్యాండిళ్ళు, ఆర్మ్‌రెస్టు ముందు తీసి, ప్రతి క్లిప్పు పక్కనే చదును పట్టీ పెట్టి లేపాలి, చేత్తో పట్టి లాగితే అట్ట విరుగుతుంది. ఏ డోరుదో వెనక రాసి పెట్టుకోవాలి. కొత్త అట్ట కోసేది పాతదాన్ని పైన పెట్టి గీసుకునే, క్లిప్పు రంధ్రాలతో సహా. పాతది పారేస్తే ఆ కొలతలు మళ్ళీ దొరకవు, అంచనాతో కోసిన ప్యాడ్ ఎప్పుడూ ఒక మూల లేచే ఉంటుంది. కొత్త అట్టకు రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, వార్నిష్ పట్టించి బాగా ఆరనిచ్చాకే రెగ్జిన్ వేయాలి. గమ్ము రెండు వైపులా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరాక అతికించమను. మన ఎండలకు మూసిన కారు పొయ్యిలా కాలుతుంది, తొందరపడి తడి మీదే అతికిస్తే వేసవి దాటకముందే బుడగలు లేస్తాయి.

రంగు సంగతి. పెద్దాయన కారు ఆర్మ్‌రెస్టు తీసినప్పుడు దాని కింద అరచేయంత మేర రెగ్జిన్ ఎండ తగలకుండా కొత్తదానిలా ఉంది, చుట్టూ ఉన్నదేమో వెలిసి బూడిద రంగుకు తిరిగింది. మనం ఇన్నాళ్ళూ చూసింది అసలు రంగే కాదన్నమాట! మన బండికీ అక్కడే చూడు, ఆ ముక్కనే కత్తిరించి షాపుకు తీసుకెళ్ళి మ్యాచ్ చేయించు. మెరిసే రెగ్జిన్, డైమండ్ కుట్లు వద్దే వద్దు, ఆ బండికి అవి నప్పవు. ప్యాడ్ మీది స్టీలు పట్టీలను (బీడింగులను) వెనక పట్టి ఉంచే చెవులు ఒకసారి వంచితే మళ్ళీ వంచడానికి భయపడాల్సిందే, విరిగిపోతాయి, మెల్లగా తీయమను.

వెనక డోర్ల ప్యాడ్లు బాగానే ఉన్నాయని తమ్ముడు అంటున్నాడు. అట్లయితే వాటిని మార్చొద్దు, గోరువెచ్చటి సబ్బునీళ్ళతో మెత్తటి బ్రష్ పెట్టి తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నరు తగలనియ్యొద్దు, రెగ్జిన్ గట్టిపడి పగులుతుంది.

పాత క్లిప్పు ఒకటి స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి తమ్ముడితో పంపించు, ఇక్కడ అదే సైజువి దొరికితే సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను. ప్యాడ్ల వెనక వైపు ఫొటోలు కూడా కావాలి. బీపీ మాత్రలు మానొద్దు.

నీ కూతురు